గుండ్రంగా ఉండాల్సిన ఉల్కాబిలం కోలగా ఎందుకుంది? సడ్బరీలో ఫాల్టులు, మడతల గురించి సాయం కావాలి

హనుమకొండ_జియో:

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను, ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. స్ట్రక్చరల్ జియాలజీ సెమినార్‌కు నాకు సడ్బరీ టాపిక్ ఇచ్చారు. కెనడాలోని ఒంటారియోలో సుమారు 185 కోట్ల ఏళ్ల కింద ఉల్క పడిన చోటు అది. నికెల్, రాగి గనులకు పేరున్న ప్రాంతం.

మ్యాపు చూస్తే అది గుండ్రంగా లేదు. పొడవు దాదాపు 60 కిలోమీటర్లు, వెడల్పు 30 లోపే. ఉల్క పడ్డ తర్వాత కొండలు పుట్టే క్రమంలో మడత పడి నలిగిపోయిందని పుస్తకం చెప్తోంది. ఇక్కడే నాకు అర్థం కావట్లేదు. ఉల్క దెబ్బకే రాళ్లు విరుగుతాయి, మడత పడతాయి అని ఒక చాప్టర్‌లో ఉంది. ఆ తర్వాత భూమి ఒత్తిడికి మళ్లీ విరిగాయి, మడత పడ్డాయి అని ఇంకో చాప్టర్‌లో ఉంది. ఒకే రాయిలో రెండూ ఉంటే ఏ మడత దేనిదో ఎట్లా చెప్పాలి? అసలు ఒక పెద్ద గుంత మడత పడటమంటే ఏమిటి?

నర్సంపేట దాటి పాకాల వైపు ఫీల్డ్‌కు పోయినప్పుడు వాగుల్లో వాలిన పొరలు చూశాను. అవి లక్షల ఏళ్లు మెల్లగా జరిగిన పని అనుకుంటే మనసుకు పడుతుంది. ఉల్క పని నిమిషాల్లో అయిపోతుంది. రెండింటినీ ఒకే కాగితం మీద ఎట్లా చూపించాలో తెలియక టెన్షన్‌గా ఉంది. సెమినార్ వచ్చే వారమే. దయచేసి ఎవరైనా చెప్పండి.


ఖని_సర్వే_పెద్దాయన:

బిడ్డా, మంచి టాపిక్ వచ్చింది నీకు. నేను సింగరేణిలో సర్వే పని చేసి గోదావరిఖనిలో రిటైర్ అయిన. ఉద్యోగమంతా ఫాల్టుల వెంటే, అంటే రాయి విరిగి పక్కకో కిందికో జరిగిన చోట్ల వెంటే గడిచింది. రిటైర్ అయినంక ఉల్కాబిలాల మీద ఇష్టం పట్టుకుంది, దొరికిందల్లా చదువుతున్న. నీ ప్రశ్నకు కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపికగా చదువు.

ముందు ఒక సంగతి. నీ పుస్తకం రెండు కాలాలు చెప్పింది. సడ్బరీలో మూడున్నయి. మూడోది వదిలేసినందుకే చాలామందికి అక్కడి మ్యాపు చిక్కుముడిగా కనిపిస్తది.

మొదటిది ఉల్క పడకముందు కాలం. సడ్బరీకి ఉత్తరాన ఉన్న గ్రానైట్లు, నైసులు (వేడికి, ఒత్తిడికి చారలు పడ్డ రాళ్లు) సుమారు 270 కోట్ల ఏళ్లవి. మన వరంగల్, కరీంనగర్ గుట్టల గ్రానైట్లు 250 కోట్ల ఏళ్ల దరిదాపువి, అంటే వాటి కంటే చిన్నవి. దక్షిణాన హ్యూరోనియన్ అనే అవక్షేప పొరలు, అగ్నిశిలలు ఉన్నయి. వీటిల్ల కొన్ని ఉల్క రాకముందే మడత పడ్డయి. అంటే ఆ ఉల్క దిగింది చదునుగా పరిచిన పొరల మీద కాదు, అప్పటికే కొంత నలిగిన నేల మీద. దక్షిణం వైపు మడత కనబడగానే ఉల్క ఖాతాలో రాయకు.

రెండోది ఉల్క కాలం. దీని మీద కొంచెం నిలబడాలె, ఎందుకంటే సెమినార్‌లో అందరూ తేలిగ్గా దాటేసేది ఇదే. ఉల్క తాకంగనే రాయిలోకి షాక్ తరంగం పోతది. అది రాయిని నలుపుతది, కరిగిస్తది, బయటికి, కిందికి నెట్టేస్తది. ఒక లోతైన గిన్నె ఏర్పడుతది గానీ అంత పెద్ద గిన్నె నిలవదు. కింద నొక్కుకుపోయిన అడుగు పైకి లేస్తది, గోడలు లోపలికి జారుతయి. ఉల్క వల్ల వచ్చిన ఫాల్టులు, మడతలల్ల ఎక్కువ భాగం ఈ కూలబడే దశలోనే పుట్టినయి, దెబ్బ తగిలిన క్షణంలో కాదు. ఇది బాగా గుర్తు పెట్టుకో.

గోడలు జారేటప్పుడు పెద్ద పెద్ద బ్లాకులు మెట్లు మెట్లుగా కిందికి దిగుతయి. అవి నార్మల్ ఫాల్టులు, మధ్య చుట్టూ వలయాలుగా పోతయి. వాటికి అడ్డంగా, కేంద్రం నుంచి బయటికి పోయే ఫాల్టులు కూడా ఉంటయి. జారిన రాయి అంతా కేంద్రం వైపు వస్తది. కేంద్రానికి దగ్గరయ్యే కొద్దీ చుట్టుకొలత తగ్గిపోతది కదా, అంత రాయికి అక్కడ చోటు చాలదు. గోనెసంచి మూతిని తాడుతో బిగిస్తే గుడ్డ చుట్టూరా ఎట్ల ముడుచుకుంటదో, రాతి పొరలు అట్లనే కేంద్రం వైపు చూసే మడతలు పడతయి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి. అందుకే ఒకే బిలంలో బయటి అంచు దగ్గర సాగదీసిన గుర్తులు, మధ్యలో నొక్కేసిన గుర్తులు ఉంటయి. ఒకే ఘటన, ఒకే కొన్ని నిమిషాలు, రెండు రకాల ఫాల్టులు. కొండలు పుట్టేటప్పుడు ఇట్ల వలయాకారపు వరస రాదు, అక్కడ ఒత్తిడికి ఒక దిక్కు ఉంటది.

ఇది శుద్ధంగా చూడాలంటే దక్షిణాఫ్రికాలో వ్రెడెఫోర్ట్ ఉల్కాబిలం చూడు. జోహన్నెస్‌బర్గ్‌కు నైరుతిన సుమారు 120 కిలోమీటర్లు. వయసు 202 కోట్ల ఏళ్ల చిల్లర. మధ్యలో 40 కిలోమీటర్ల మేర పాత గ్రానైటు, నైసు. అది భూమి లోతుల నుంచి పైకి లేచిన గుండె. దాని చుట్టూ విట్‌వాటర్స్‌రాండ్ పొరలు నిటారుగా నిలబడ్డయి. కొన్నిచోట్ల తిరగబడి, పాత పొర పైకి, కొత్త పొర కిందికి వచ్చినయి. ఆ చుట్టూ మళ్లీ పొరలు కిందికి వంగి వలయాకారపు సింక్లైన్ అయినయి. అట్ల కిందికి దిగినందుకే కోట్ల ఏళ్ల కోతలో కొట్టుకుపోకుండా అక్కడి బంగారం పొరలు మిగిలినయి. ఆగ్నేయం సగం మాత్రం ఆ తర్వాత ఎప్పుడో పేరుకున్న కారూ అనే పొరల కింద దాగి ఉంది. ఆ కారూలో బొగ్గు మన గోదావరి లోయ బొగ్గు కాలందే, గోండ్వానా బొగ్గు. అది చదివిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

వ్రెడెఫోర్ట్‌ను పెద్ద పర్వత నిర్మాణం మళ్లీ నలపలేదు. కోత మాత్రం కిలోమీటర్ల లోతున కోసేసింది. అందుకే అక్కడ ఉల్క చేసిన మడత ఉల్క చేసిన తీరులోనే చూడొచ్చు. సడ్బరీకి అంత అదృష్టం లేదు.

ఇగ మూడో కాలం. ఉల్క పడ్డాక కరిగిన రాయి కిలోమీటర్ల మందాన ఒక పెద్ద పలకగా చల్లబడింది. కింద నోరైట్, నడుమ క్వార్ట్జ్ గాబ్రో, పైన గ్రానోఫైర్. దాని అడుగున నికెల్, రాగి సల్ఫైడ్లు చేరినయి. ఆ పైన ఓనాపింగ్ అనే ముక్కల రాయి, దాని మీద బురద పొరలు, ఇసుక పొరలు పేరుకున్నయి. తర్వాత పెనోకియన్ అనే పర్వత నిర్మాణం, ఆ తర్వాతి కదలికలు ఆగ్నేయం దిక్కు నుంచి వాయవ్యం దిక్కుకు ఈ మొత్తాన్ని నొక్కినయి. దక్షిణం భాగం పైకి లేచి ఉత్తరం మీదికి తోసుకొచ్చింది. ఆ తోపు జరిగిన పట్టీ పేరు సౌత్ రేంజ్ షియర్ జోన్.

నువ్వు అడిగిన "గుంత మడత పడటం" ఇదే. మడత పడింది గుంత ఖాళీ కాదు. గుంత అడుగున చల్లబడ్డ పలక, దాని మీది పొరలు, దాని కిందున్న పాత రాళ్లు. మొదట చాలావరకు చదునుగా ఉన్న పలక ఇప్పుడు రెండు వైపుల నుంచీ నడుమకు వాలుతది, కానీ సమానంగా కాదు. ఉత్తరం అంచున వాలు తక్కువ. దక్షిణం అంచున నిటారు, కొన్నిచోట్ల తిరగబడ్డది కూడా. పైనుంచి కోత కోస్తే అది కోలగా కనబడుతది. 1990లలో భూకంప తరంగాలతో లోతు సర్వే చేసినప్పుడు ఈ అసమానత కింద దాకా ఉందని తేలింది.

ఒక మాట జాగ్రత్తగా విను. ఆ 60 కిలోమీటర్లు, 30 కిలోమీటర్లు బిలం అంచులు కావు. అవి మిగిలిన కరుగు పలక అంచులు. అసలు బిలం 200 కిలోమీటర్లో, ఇంకా ఎక్కువో ఉంటదని అంచనాలు. దాని అంచు ఎప్పుడో కొట్టుకుపోయింది. కోలని గుండ్రంగా సరిచేసి "ఇదీ బిలం వ్యాసం" అని స్లైడులో పెట్టకు.

ఇంక అసలు ప్రశ్న, ఏ మడత దేనిది? దీనికి గనిలో మాకు నేర్పిన పద్ధతే నమ్ముత: ఏది దేన్ని కోసిందో చూడు. కోసినది తర్వాతది, కోత పడ్డది ముందుది. సడ్బరీలో ఈ వరస ఇట్ల నిలబడుతది. ఉత్తరాన మటాచెవాన్ డైకులు (పగుళ్లలోకి కరుగు దూరి గోడల్లెక్క గట్టిపడ్డ రాళ్లు) ఉన్నయి, సుమారు 245 కోట్ల ఏళ్లవి. అవి ఉల్క కంటే ముందువి, ఉల్క వాటిని విరిచింది. ఉల్క విరిచిన పగుళ్లలోకి సడ్బరీ బ్రెసియా దూరింది, నల్లని పిండిలాంటి రాతిలో గుండ్రబడ్డ ముక్కలు ఉంటయి. బిలం కూలబడేటప్పుడు తెరుచుకున్న పగుళ్లలోకి కరుగు దిగి ఆఫ్‌సెట్ డైకులు అయినయి, కాపర్ క్లిఫ్, వర్తింగ్టన్ లాంటివి. ఇవి ఉల్క ఖాతా. సౌత్ రేంజ్ షియర్ జోన్ చల్లబడ్డ కరుగు పలకను కోస్తది, కాబట్టి అది తర్వాతది. ఇవన్నీ అయినంక సుమారు 124 కోట్ల ఏళ్ల కింద సడ్బరీ డైకులు అనే ఆలివిన్ డయాబేసు గీతలు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి అన్నిటినీ కోసుకుంటూ పోయినయి. బేసిన్ మడతతో పాటు అవి వంగలేదు. అంటే మడత పని అప్పటికే ముగిసింది.

సెమినార్‌లో ఈ వరస ఒక్కటి బోర్డు మీద గీస్తే చాలు, మిగతాదంతా దాని చుట్టూ నిలబడుతది.


పద్మాక్షిగుట్ట_కింద:

పెద్దాయనకు దండాలు, ఇంత వివరంగా ఎవరూ రాయరు. నాది సైన్స్ కాదు, చిన్న డౌట్. మన ఓరుగల్లు కోటలో ఏకశిల ఉంది కదా, ఒక్కటే బండ. హనుమకొండ చుట్టూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్లు ఉంటాయి. పాకాల చెరువు చుట్టూ గుట్టలు గుండ్రంగా కనిపిస్తాయి. ఇవేవైనా ఉల్క పడ్డందుకు వచ్చాయా? మా దోస్తు ఒకడు గట్టిగా వాదిస్తున్నాడు.


రాళ్ల_టీచర్:

నేను డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్తాను, ఈ డౌట్ పిల్లలు ప్రతి బ్యాచ్‌లో అడుగుతారు.

కావు అన్నా. పాకాల కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు. గుట్టల మధ్య వాగుకు కట్ట వేస్తే నీళ్లు నిలిచాయి. గుండ్ల విషయానికొస్తే, గ్రానైటు భూమి లోపల ఉన్నప్పుడే నిలువుగా, అడ్డంగా చీలికలు పడుతుంది. ఆ చీలికల్లో నీళ్లు ఇంకి మూలలు ముందు అరిగిపోతాయి, చతురస్రపు దిమ్మ గుండ్రబడుతుంది. చుట్టూ ఉన్న మెత్తని మట్టి కొట్టుకుపోతే గుండ్లు పైన మిగులుతాయి.

గుండ్రంగా ఉండటం ఉల్కకు సాక్ష్యం కాదు. సాక్ష్యం రాయి లోపల ఉండాలి. రాతిలో శంకువు ఆకారంలో, గుర్రపు తోక వెంట్రుకల్లా విచ్చుకున్న గీతలతో షాటర్ కోన్లు ఉండాలి. లేదా క్వార్ట్జ్ పలుకులో మైక్రోస్కోపు కింద సన్నని సమాంతర పలకలు వరసలు వరసలుగా కనపడాలి. ఆ పలకలు రావాలంటే సుమారు 10 గిగాపాస్కల్ దాటిన షాక్ ఒత్తిడి కావాలి. ఏ కొండ పుట్టుకా పలుకుకు అలాంటి దెబ్బ వేయదు. స్టిషోవైట్ అనే అధిక పీడన ఖనిజం కూడా అలాంటి గుర్తే.

మన దేశంలో ఇలా రుజువైనవి మూడు. మహారాష్ట్రలో లోనార్, మధ్యప్రదేశ్ శివపురి జిల్లాలో ఢాలా, రాజస్థాన్ బారా జిల్లాలో రామ్‌గఢ్. ఆదిలాబాద్ వైపు వాళ్లకు లోనార్ పెద్ద దూరం కాదు, వీలైతే పోయి రండి. వ్యాసం 1.8 కిలోమీటర్లు, దక్కన్ బసాల్టులో పడింది. అంత చిన్న బిలంలో నడుమ లేచిన గుట్ట ఉండదు. భూమి మీద గట్టి స్ఫటిక శిలల్లో సుమారు 4 కిలోమీటర్లు దాటితేనే నడుమ లేస్తుంది, అవక్షేప శిలల్లో 2 కిలోమీటర్ల దగ్గరే లేస్తుంది. లోనార్‌లో చూడాల్సింది అంచు. లావా పొరలు బయటికి వాలి ఉంటాయి. అంచు పైన కొన్నిచోట్ల పొర తిరగబడి పడి ఉంటుంది.

హనుమకొండ_జియోకి ఒక మాట. పెద్దాయన చెప్పిన వరస సూత్రానికి ఢాలా చక్కని ఉదాహరణ. వ్యాసం సుమారు 11 కిలోమీటర్లు. అక్కడ నడుమ ఉన్న చదునైన గుట్ట వింధ్య పొరలది. చూడగానే అదే ఉల్క లేపిన గుట్ట అనిపిస్తుంది. కానీ ఆ పొరల్లో షాక్ గుర్తులు లేవు. కింద ఉన్న కరిగి గడ్డకట్టిన బ్రెసియాలో ఉన్నాయి. అంటే ఆ పొరలు ఉల్క పడ్డాక వచ్చి పరుచుకున్నవి. బిలం వయసుకు అవి కింది హద్దు వేస్తాయి, అంటే బిలం వాటి కంటే పాతదే అయి ఉండాలి. ఆకారం చెప్పలేని సంగతిని వరస చెప్పింది.


సడ్బరీలో_జగిత్యాల:

చెల్లె, నేను జగిత్యాల వాడిని, ఇప్పుడు సడ్బరీలోనే ఉంటున్నాను, గనుల ఇంజనీరింగ్ పని. ఈ టాపిక్ చూసి ఆగలేకపోయాను.

ఇక్కడ రాయి చూడటానికి తవ్వనక్కర్లేదు. స్మెల్టర్ల పొగకు ఒకప్పుడు చెట్లన్నీ పోయి గుట్టలు నల్లబడ్డాయి. 1970ల చివర నుంచి మళ్లీ చెట్లు పెంచుతున్నారు, అయినా ఇంకా చాలాచోట్ల రాయి ఒళ్లు బయటే ఉంటుంది. అపోలో 16, 17 వ్యోమగాములను చంద్రుడి మీదికి పోయే ముందు ఇక్కడికి తెచ్చి బ్రెసియాలు చూపించారు.

నువ్వు స్లైడులో పెట్టుకోవాల్సిన తేడా ఉత్తరం, దక్షిణం మధ్య ఉంది. హైవే 144 మీద ఉత్తరానికి పోతే ఓనాపింగ్ జలపాతం దగ్గర ఏ.వై. జాక్సన్ లుకౌట్ వస్తుంది. ఆ వైపు రాయి చాలావరకు పుట్టిన తీరులోనే ఉంది. బ్రెసియాలో ముక్కలు ముక్కల్లాగే ఉంటాయి, ఒక దిక్కుకు సాగవు. అదే దక్షిణం వైపు షియర్ జోన్‌లోకి వస్తే రాయికి ఒక పోగు వస్తుంది. ఖనిజాలు ఒకే దిక్కుకు సాగి ఉంటాయి, పలకలుగా చీలుతుంది. ఈ పోగు ఉల్క పని కాదు. ఉల్క రాయిని పగలగొడుతుంది, నలుపుతుంది, కరిగిస్తుంది. వేడిలో, ఒత్తిడిలో ఖనిజాలు మళ్లీ పెరిగి వరుసగా పడుకోవాలంటే చాలా కాలం కావాలి. రాయిలో పోగు ఉందా లేదా అన్నదే ఫీల్డులో మాకు మొదటి ప్రశ్న.

షాటర్ కోన్ల సంగతి. 1964లో రాబర్ట్ డీట్జ్ సడ్బరీ ఉల్కాబిలమని అన్నాడు, షాటర్ కోన్లే అతని ప్రధాన సాక్ష్యం. మామూలుగా పొరలను మొదటి స్థితికి తిప్పి చూస్తే కోన్ల మొనలు దెబ్బ వచ్చిన దిక్కు చూపిస్తాయని పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ దక్షిణం వైపు అంత సుళువుగా చేయలేం. పెద్దాయన చెప్పినట్టు పొరలు ఉల్కకు ముందే కొంత వాలి ఉన్నాయి. పొరను పూర్తిగా చదును చేస్తే ఉల్కకు ముందు వచ్చిన వాలు కూడా తీసేసినట్టు అవుతుంది, కోన్ తప్పు దిక్కు చూపిస్తుంది. గైడ్ ఈ ప్రశ్న కచ్చితంగా అడుగుతారు, సిద్ధంగా ఉండు.

ఇక గనుల్లో ఇది పుస్తకం విషయం కాదు, రోజూ పని. ఉత్తరం వైపు ఖనిజం చాలాచోట్ల కరుగు పలక అడుగున, దాని కింది పగుళ్లలో ఉంటుంది. దక్షిణం వైపు గార్సన్ లాంటి గనుల్లో షియర్ జోన్లు సల్ఫైడును మొదట ఉన్న చోటు నుంచి లాగి తమ వెంట తీసుకుపోయాయి. అందుకే ఇక్కడ జియాలజిస్టు ఒక మడతను ఉల్కదో, తర్వాతదో తేల్చడానికి అంత కష్టపడతాడు. డ్రిల్లు ఎటు తిప్పాలో దాని మీదే ఉంటుంది.

ఇంకో సంగతి, దీన్ని చర్చగానే పెట్టు. ఈశాన్యం మూలలో కరుగు పలక గట్టిగా మలుపు తిరుగుతుంది. అంత మలుపు మడత వల్లే వస్తే అక్కడ రాయిలో పోగు బలంగా కనపడాలి. పెద్దగా కనపడదు. రాయి మెత్తగా సాగి వంగలేదు, చిన్న చిన్న పగుళ్ల వెంట బ్లాకులు కదిలి వంగిందని కొందరు, బిలం అడుగే మొదటి నుంచి ఎగుడుదిగుడుగా ఉండి పలక కొంత వంపుతోనే గడ్డకట్టిందని కొందరు. నాకు మొదటిదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే దక్షిణాన ఉన్న తోపు ఆ మూలకు చేరేసరికి రాయి చల్లగా, గట్టిగా ఉన్న చోటు అది.


హనుమకొండ_జియో:

అందరికీ చాలా థ్యాంక్స్. మూడు కాలాలు అనగానే మ్యాపు కొంత విడిపోయినట్టు అనిపించింది. జగిత్యాల అన్నా, పోగు మాట నోట్స్‌లో రాసుకున్నాను.

పెద్దాయన గారూ, ఇంకొక్క ప్రశ్న. మా సార్ రిస్టోర్డ్ సెక్షన్ గీయమన్నారు, అంటే మడత తీసేసి ఉల్క పడ్డ వెంటనే ఎట్లా ఉండేదో చూపించే సెక్షన్ (నిలువు కోత బొమ్మ). ఎక్కడ మొదలుపెట్టాలి? ఉల్క దగ్గర మొదలుపెట్టి ముందుకు రావాలా?


ఖని_సర్వే_పెద్దాయన:

వెనక నుంచి రా బిడ్డా. చివర జరిగినదాన్ని ముందు తీసెయ్.

గనిలో మేం చేసేది ఇదే. గ్యాలరీ తోలుకుంటూ పోతుంటే ఉన్నట్టుండి బొగ్గు సీమ్ (బొగ్గు పొర) ఆగిపోతది, ఎదురుగా ఇసుకరాయి గోడ. ఫాల్టు తగిలింది. మన గోదావరి లోయ సాగి దిగబడ్డ లోయ, ఇక్కడ ఎక్కువగా నార్మల్ ఫాల్టులే. ఫాల్టు తలం మనకు ముందుకు, కిందికి వాలి ఉంటే సీమ్ అవతల కిందికి పోయింది. మన వైపుకు వాలి ఉంటే పైకి పోయింది. త్రో, అంటే సీమ్ ఎంత పైకో కిందికో జరిగిందో కొలిచి, కాగితం మీద అవతలి బ్లాకును అంత వెనక్కి జరిపితే రెండు ముక్కల సీమ్ ఒకటే గీత అయితది. ఒకే చోట రెండు ఫాల్టులు ఒకదాన్నొకటి కోస్తే, కోసినదాన్ని ముందు వెనక్కి జరపాలె. తలకిందులుగా చేస్తే సీమ్ ఎప్పటికీ కలవదు. కాంట్రాక్టు కుర్రాళ్లకు నేను ఇదే ముందు చూపించేవాణ్ణి.

సడ్బరీకి అదే పెట్టు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక సెక్షన్ గీత తీసుకో, పొట్టి వెడల్పు మీదుగా. పొడుగు మీదుగా గీస్తే తోపు కనపడదు. ఇప్పుడున్న స్థితి మొదట గీయి, ఉత్తరం అంచున తక్కువ వాలు, దక్షిణం అంచున నిటారు. సడ్బరీ డైకులు ఈ గీతకు దాదాపు సమాంతరంగా పోతయి కాబట్టి సెక్షన్‌లో సరిగ్గా కనపడవు. వాటిని పక్కన చిన్న మ్యాపులో చూపించు, కాలం హద్దుగా.

రెండో బొమ్మలో సౌత్ రేంజ్ షియర్ జోన్‌ను తీసెయ్. దాని మీదున్న దక్షిణం బ్లాకును వచ్చిన దారినే ఆగ్నేయానికి, కిందికి జరుపు. ఇక్కడ గని ఫాల్టుకు తేడా ఉంది. అది గీసినట్టు తెగిన ఒక్క తలం కాదు, కిలోమీటర్ల వెడల్పున రాయి సాగిన పట్టీ. కాబట్టి ఒక్క గీత మీద జరపకు, పట్టీ అంతటా కొంచెం కొంచెం జరుపు. ఎంత జరపాలో కచ్చితమైన అంకె పెట్టకు, బాణం గుర్తు పెట్టి దిక్కు చూపించు.

మూడో బొమ్మలో పలక మడత విప్పు. నోరైట్ కింద, గ్రానోఫైర్ పైన, చాలావరకు చదునుగా ఒకే మందంలో రావాలె. జగిత్యాల తమ్మి చెప్పిన ఎగుడుదిగుడు మాట న్యాయమైనదే, కాబట్టి అడుగు గీతను స్కేలు పెట్టి గీయకు, చేత్తో గీయి. మందం కుదరకపోతే, అంటే దక్షిణం వైపు సన్నబడో లావెక్కో వస్తే, రెండో బొమ్మలో జరిపింది సరిపోలేదన్నట్టు. వెనక్కి పోయి చూసుకో. ఇదే నీకు దొరికే పరీక్ష, సార్‌కు ఇది చూపిస్తే సెక్షన్ ఊహతో గీయలేదని తెలుస్తది.

నాలుగో బొమ్మ ఉల్క కూలబడ్డ దశ. పలక కింద మెట్లు మెట్లుగా నార్మల్ ఫాల్టులు, పగుళ్లలో బ్రెసియా, కిందికి దిగిన ఆఫ్‌సెట్ డైకులు. నడుమ పాత రాయి పైకి లేచి ఉంటది. ఆ లేచిన రాయి సడ్బరీలో పైకి కనిపించదు, పలక కింద ఉంది. అందుకే దాన్ని తునక గీతతో గీసి, పక్కన వ్రెడెఫోర్ట్ మ్యాపు పెట్టి "ఇట్లాంటిదే కింద ఉండొచ్చు" అని రాయి. నాలుగో బొమ్మలో దక్షిణం వైపు హ్యూరోనియన్ పొరలకు ఉల్కకు ముందు వాలు కొంచెం ఉంచు, చదును చేయకు. ఎవరైనా "ఇదెందుకు వాలింది, మడత మొత్తం తీసేశావు కదా" అని అడిగితే అప్పుడు మొదటి కాలం గురించి చెప్పు. ఆ ప్రశ్న కోసమే దాన్ని అట్ల వదిలిపెట్టు.

అడ్డం కొలత, నిలువు కొలత ఒకటే స్కేలులో పెట్టు. నిలువును సాగదీస్తే వాలులన్నీ నిటారుగా కనబడి, ఉత్తరం, దక్షిణం తేడా మాయమైతది. మూడు కాలాలకు మూడు రంగులు పెట్టుకొని నాలుగు బొమ్మల్లోనూ అవే రంగులు వాడు. బొమ్మలు గీసినంక ఫోటో తీసి ఇక్కడ పెట్టు బిడ్డా, సెమినార్‌కు ముందే చూసి చెప్తా.